రాజోలు కాలవగట్టున భోజనం

కోనసీమ చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారని నన్ను చాలామంది అడుగుతుంటారు. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ ఆదివారం అనుబంధానికి ఏటా అదే వ్యాసాన్ని అటూ ఇటూ మార్చి రాసి ఇచ్చేవాణ్ణి. రిటైరయ్యాక వ్యాసం ఆగింది గాని అడిగేవాళ్ళు ఆగలేదు. అందరికీ ఒకటే చెబుతాను: మాఘమాసంలో రండి. అప్పటికి రెండో పంట దాళ్వా నాట్లు పూర్తయి చేలు పచ్చబడుతుంటాయి. తెల్లవారుజామున కాలవల మీద నుంచి మంచు లేచి, కొబ్బరి మొవ్వుల దాకా వెళ్ళి, ఇంకెక్కడికీ పోబుద్ధికానట్టు అక్కడే ఉండిపోతుంది. ఆ వేళకి రోడ్డు మీద నిలబడితే ముందు సైకిలు బెల్లు వినిపిస్తుంది. సైకిలు తర్వాత ఎప్పుడో కనిపిస్తుంది. ఎవరు వస్తున్నారో తెలియని ఆ కాసేపు, వచ్చేది ఎవరైనా ఫర్వాలేదనిపిస్తుంది.

ఈ మధ్య ఒక మాఘమాసంలో విశాఖపట్నం నుంచి ఒకావిడ వచ్చారు. నగరాల్లో ఉండే కుటుంబాలను చిన్న చిన్న జట్లుగా ఊళ్ళు తిప్పి చూపించే వ్యాపారం ఆమెది. ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి అన్నది ఆమె స్వయంగా వెళ్ళి చూసి, తిని, తేల్చుకున్నాకే మనుషుల్ని పంపుతారు. వెంట మేనత్తను తెచ్చుకున్నారు. "నాకు అన్నీ బాగానే ఉంటాయండీ. అత్తకి నచ్చితే ఇంక ఎవరికైనా నచ్చినట్టే," అన్నారు ఫోనులో.

ఆమె రావడానికి కారణం నేను కాదు. రాజోలు దగ్గర, కాలవగట్టున ఉండే ఒక ఇల్లాలు. ఆమె భర్త సొంత కారు అద్దెకి నడుపుతాడు. నేను ఎక్కడికైనా వెళ్ళాల్సి వస్తే అతని కారులోనే వెళతాను. ఆమె కువైట్‌లో ఒక పెద్ద ఇంట్లో కొన్నేళ్ళు వంటచేసి, ఇల్లు నిలబెట్టుకుని, ఇంక వెళ్ళనని వచ్చేసింది. ఇంటి పక్కన రెండు గదులు కట్టించింది. వచ్చేవాళ్ళకి బస, తన చేతి భోజనం పెట్టాలని ఆమె ఆలోచన. గదులు కట్టి ఏడాది కావస్తున్నా వచ్చినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. ఈలోగా కువైట్ ఇంటివాళ్ళు మళ్ళీ రమ్మని అడిగారు. టిక్కెట్టు వాళ్ళే పంపుతారట. వస్తావో రావో శనివారం సాయంత్రంలోగా చెప్పెయ్యమని ఏజెంటు కబురు పెట్టాడు. విశాఖ ఆవిడ భోజనానికి వస్తానన్నది సరిగ్గా ఆ శనివారం మధ్యాహ్నమే. భోజనం నచ్చితే ఆమె జట్లన్నీ ఆ ఇంటికే వస్తాయి. ఆ ఇల్లాలు విమానం ఎక్కక్కర్లేదు.

"బాబాయ్ గారండీ, ఊళ్ళు చూపించడం మీ వంతండి," అంది ఆమె ముందు రోజు నాతో. "తీసుకొచ్చి నా వాకిట్లో కూర్చోబెట్టండి చాలు. ఆపైన నా చెయ్యి మాట్లాడుతుందండి."

శుక్రవారం సాయంత్రం వాళ్ళు కాకినాడ మీదుగా, యానాం దాటి, వంతెన మీద నుంచి ఇటు దిగారు. నేను మురమళ్ళలో ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆ దారిన వచ్చేవాళ్ళు మురమళ్ళలో ఆగకుండా రాకూడదు. అక్కడ వీరేశ్వరస్వామికి రోజూ పొద్దుగూకాక కల్యాణం చేస్తారు. పెళ్ళి కుదరనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ పీటల దగ్గర కూర్చుంటారు. గుడి వెనక గౌతమీ గోదావరి చీకట్లో కనిపించదు గాని దాని చల్లదనం వచ్చి చెవుల వెనక తగులుతుంది.

"నా పెళ్ళయింది, ఆయన పోవడమూ అయింది. నాకెందుకమ్మా ఈ కల్యాణం?" అని మేనత్తగారు మేనకోడలి మీద విసుక్కున్నారు. అయినా చివరిదాకా కదలలేదు. తాళి కట్టే వేళకి సన్నాయి హెచ్చు స్థాయిలో పలుకుతుంటే ఆవిడ పమిట చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. కల్యాణం అయ్యాక కారులో అమలాపురం బయలుదేరాం. దారి పొడుగునా కొబ్బరిచెట్లు దీపాల వెలుతుర్లోకి ఒక్కొక్కటే వచ్చి వెళ్ళిపోయాయి.

"రాత్రి ఎలా గడుస్తుందో," అన్నారు మేనత్తగారు లాడ్జి మెట్లెక్కుతూ. "మాత్ర మింగితే గాని నిద్ర రాదు నాకు. మింగినా వచ్చేది నిద్ర కాదు."

మర్నాడు మంచు విడకముందే బయలుదేరాం. కారు నడుపుతున్నది ఆ ఇల్లాలి భర్తే. పొద్దున్నే తలంటుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అతని మొహం చూస్తే పిల్లదాన్ని పెళ్ళిచూపులకు కూర్చోబెట్టిన తండ్రిలా ఉంది.

ముందు నేతగాళ్ళ ఊరు బండారులంక. అమలాపురం నుంచి వచ్చేవాళ్ళకి నేను చెప్పే మాట ఏమిటంటే, అక్కడ చీర కొనాలన్న తొందర పెట్టుకోవద్దు. ముందు వీధిలో నడవండి. ఇళ్ళ లోపల్నుంచి మగ్గాల చప్పుడు వస్తుంటుంది. ఒక ఇంటి చప్పుడు ఇంకో ఇంటి చప్పుడుతో కలవదు. కాని వీధి చివరికి వెళ్ళి వెనక్కి తిరిగి వింటే అన్నీ కలిసి వానలా ఉంటాయి. మంచులో ఆ వాన వింటూ నడిచాం. మేనత్తగారు ఒక అరుగు దగ్గర ఆగి, రంగు వేసి ఆరబెట్టిన నూలు చుట్టల్ని వేలితో ముట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వుకున్నారు.

ఆ వీధిలోనే మా డ్రైవరుకు చిన్ననాటి స్నేహితుడి ఇల్లుంది. మగ్గం చూపిస్తాడని లోపలికి తీసుకువెళ్ళాడు. మగ్గం చూసి లేచేసరికి పళ్ళేల్లో పెసరట్టు, దానిలో ఉప్మా వచ్చేశాయి.

"ఇప్పుడే లాడ్జిలో కాఫీ తాగామండీ," అన్నారు విశాఖ ఆవిడ.

"కాఫీ టిఫినెలా అవుతుందండి?" అన్నాడా స్నేహితుడు. "మావాడింటికి వచ్చిన చుట్టాలు మాక్కూడా చుట్టాలే కదండి. ఆయ్, తినండి."

అది తిని బయటికొచ్చాం. అప్పటికి ఎండ కాస్త పసుపురంగు తిరిగింది. అంబాజీపేట వెళ్ళాం. కొబ్బరికాయల రాశులు చూడాలంటే అక్కడే చూడాలి. మనిషి ఎత్తున ఉంటాయి. ఒలుపు కూలీలు నిలువుగా పాతిన ఇనప మొన మీద కాయను గుచ్చి, ఒక్క మెలి తిప్పి, పీచు ఊడదీస్తుంటారు. చూస్తూ నిలబడితే కాలం తెలియదు. పచ్చి పీచు వాసన, తడి నేల వాసన కలిసి ఒక రకమైన మత్తు కమ్ముతుంది.

"మా అక్క ఇల్లు ఈ సందులోనేనండి," అన్నాడు డ్రైవరు. "ఇంతదూరం వచ్చి మొహం చూపించకుండా వెళ్తే బాగోదండి. ఒక్క నిమిషం."

అక్కగారు గుమ్మంలోనే ఉన్నారు. ఎప్పట్నుంచి నిలబడ్డారో తెలియదు. లోపల పనసాకులు బుట్టలుగా కుట్టి, వాటిలో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు ఆవిరి కక్కుతున్నాయి. పొట్టిక్కలు తినకుండా ఎవరూ ఈ ప్రాంతం దాటి వెళ్ళకూడదని నేనే ఎన్నోసార్లు రాశాను. ఆకు విప్పగానే వచ్చే ఆ వాసన ఇంకో ఊళ్ళో దొరకదు. కాని పెసరట్టు మీద తినమని మాత్రం ఎప్పుడూ రాయలేదు.

"ఒక్కటి చాలమ్మా," అన్నారు మేనత్తగారు.

"ఒక్కటి తింటే ఏం తెలుస్తుందండి? ఆకు వాసన రెండోదానికి తెలుస్తుంది. రుచి మూడోదానికండి."

"నాకు షుగరు తల్లీ."

"షుగరుకి చాలా మంచిదండి ఇది."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్తున్నాను కదండి," అన్నారు అక్కగారు, అల్లం పచ్చడి గరిటెతో వేస్తూ.

మేనత్తగారు నాకేసి చూశారు. నేను ఏం చెయ్యగలను? ఈ గోదావరి లంకల్లో వద్దు అన్న మాటను ఎవరూ మాటగా లెక్కపెట్టరు. అది వడ్డించేవాళ్ళకి ఊపిరి తీసుకోడానికి ఇచ్చే విరామం. అక్కగారు తమ్ముణ్ణి పక్కకి పిలిచి, "బాగా తిన్నారా? మీ ఆవిడ పని అయిపోయినట్టే," అనడం వినిపించింది. అప్పుడు అర్థమైంది నాకు. రాత్రే అతను చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. మాకు ఉపకారం చేసే మనుషులు వస్తున్నారు, బాగా చూసుకోండి అని చెప్పాడు. ఆ బాగా అన్న మాటకి మా వైపు ఒకటే అర్థం ఉంది.

గన్నవరం దగ్గర కారు దిగాం. అక్కడ నది మీదుగా కాలవ వెళుతుంది. వంతెన లాంటి కట్టడం మీద కాలవ నీళ్ళు ఒకవైపుకి, కింద గోదావరి పాయ వైనతేయ నీళ్ళు ఇంకోవైపుకి, ఒకదానితో ఒకటి పనిలేనట్టు పోతుంటాయి. అక్కడ పొద్దున పూటే నిలబడాలి. మంచు ఇంకా నది మీద ఉంటే కింద నీళ్ళు కనపడవు. కాలవ ఏ ఆధారమూ లేకుండా తెల్లటి మేఘం మీద నుంచి పోతున్నట్టుంటుంది. విశాఖ ఆవిడ ఫోను తీసి ఫొటో తియ్యబోయి, ఆగి, ఫోను సంచిలో పెట్టేసుకున్నారు. ఆమె ఆ రోజు చూడాల్సిన చోట్లు చాలా రాసుకుని వచ్చారు. అప్పనపల్లి, దిండి, అంతర్వేది, ఓడలరేవు. అక్కడ నిలబడ్డాక వాటి గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

అవతలి గట్టున డ్రైవరు మేనమామ ఇల్లుంది. ఇంక చెప్పక్కర్లేదు. కొబ్బరినీళ్ళతో మొదలై, బొబ్బట్లకు వెళ్ళి, జున్ను దగ్గర ఆగింది. ఆ ఇంట్లో ఆవు ఆ వారమే ఈనిందట. "జున్ను అందరికీ పెట్టంకదండి. రాసిపెట్టుండాలి," అన్నాడు మేనమామ. రాసిపెట్టి ఉన్నది కాదనేవాళ్ళు ఎవరు?

కాలవగట్టున ఆ ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. అరటాకులు కడిగి వసారాలో పరిచి ఉన్నాయి. ఆ ఇల్లాలు ఉతికిన నేతచీర కట్టుకుని, చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "రండి, రండి. ఎండనపడి వచ్చేరు. కాళ్ళు కడుక్కోండి," అంటూనే లోపలికి పరుగెత్తి నీళ్ళు తెచ్చింది. ఆమె అత్తగారు తలుపు చాటు నుంచి చూస్తున్నారు. వంటింట్లోంచి ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఘాటు, పండుగప్ప చేపల పులుసు వాసన వసారా దాకా వచ్చి నిలబడ్డాయి. కంద బచ్చలి, గోంగూర రొయ్యలు, కొబ్బరి పచ్చడి, కుండలో పెరుగు. తెల్లవారకముందు నుంచీ ఒంటిచేత్తో చేసిన వంట అది.

మేనత్తగారు ఆకు చూశారు. ఆకు మీద అన్నం పడుతోంది. ఆవిడ మొహంలో భయం లాంటిది కనిపించింది.

"తల్లీ, కోప్పడకు. నన్ను కాసేపు ఎక్కడైనా నడుం వాల్చనీ. కూర్చోలేను," అన్నారు.

విశాఖ ఆవిడ మర్యాద కోసం కూర్చున్నారు. రెండు ముద్దలు కలిపారు. రెండోది నోట్లోకి వెళ్ళలేదు. "చాలా బాగుందండీ. కాని..." అని ఆగిపోయారు. ఆమె చెయ్యి ఆకు మీదే ఉండిపోయింది.

ఆ ఇల్లాలి మొహం నేను చూడకుండా ఉండాల్సింది. చిన్నబుచ్చుకోలేదు, మాట తూలలేదు. "ఆయ్, ఫర్వాలేదండి. ప్రయాణం బడలిక కదండి," అని చెంబుతో చేతికి నీళ్ళు పోసింది. కాలవ పక్కన రెండు కొబ్బరిచెట్ల మధ్య నవారు మంచం వేసింది. గట్టు మీద పూలచెట్టు నీడన చాప పరిచింది. దిండ్లు తెచ్చింది. అంతా చేసి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. వంటింటి కిటికీ నేను కూర్చున్న వైపే ఉంది. లోపల మొగుడూ పెళ్ళాల మాటలు వినిపించాయి.

"ఎక్కడెక్కడ ఆపేరు?"

"ఎక్కడా లేదే. బండారులంకలో మనవాడు..."

"ఏం పెట్టేడు?"

"పెసరట్టు. ఉప్మా కూడా కొంచెమే."

"ఇంకా?"

"అక్క ఏవో నాలుగు పొట్టిక్కలు..."

"మనిషికా, అందరికీనా?"

"మనిషికే."

"మావయ్య జున్ను పెట్టేడా?"

"నీకెలా తెలుసు?"

"ఆవు ఈనిందని మొన్న మీరే చెప్పేరు. ఊరుకుంటాడా మరి?" అంది ఆమె. గొంతు పెరగలేదు. "నాకు అన్నం పెట్టే చేతుల్ని తీసుకొచ్చి మీ వంశమంతా కలిసి ఆకు దగ్గరికి రాకుండా కట్టేసేరు. ఎవర్ననాలి నేను? ఎవరైనా తప్పు చేసేరా? అందరూ మంచే చేసేరు. కువైట్‌లో ఆ అరబ్బు ఆవిడ వంట బాగోకపోతే పళ్ళెం తోసేది. అదే నయం. ఏం బాగోలేదో తెలిసేది."

"ఇప్పుడే వెళ్ళి ఆవిడకి సర్దిచెప్తాను," అన్నాడతను.

"మీరు ఇంకేం చెప్పకండి. మీ ఫోను కూడా ఇటివ్వండి. సాయంత్రం దాకా మీరు ఎవరికీ ఏం చెప్పొద్దు."

అత్తగారి గొంతు వినిపించింది: "వాణ్ణి ఎందుకే అంటావు? మన ఆనవాయితీ అదే గదా."

"ఆనవాయితీయేనండి అత్తయ్యగారూ. అదే నా పీకలమీదకొచ్చింది."

మూతలు ఒక్కొక్కటే గిన్నెల మీద పడిన చప్పుడు వినిపించింది.

ఆ మధ్యాహ్నం గురించి సరిగ్గా చెప్పగలనో లేదో. పత్రికల్లో పనిచేసినవాడికి జరిగినవాటిని చెప్పడం తెలుసు. ఏమీ జరగనిదాన్ని చెప్పడం రాదు. కాలవలో నీళ్ళు పారుతున్నాయో నిలబడ్డాయో తెలియనంత నిదానంగా ఉన్నాయి. కొబ్బరి మట్టల మధ్య నుంచి పడిన ఎండ నీళ్ళ మీద ముక్కలై, ఆ ముక్కలు తిరిగి మట్టల అడుగున పడి కదిలాయి. చెట్లే నీళ్ళలా, నీళ్ళే చెట్లలా అనిపించింది. గట్టు అవతల చేలో నీళ్ళ ఇంజను ఆడుతోంది. ఆ చప్పుడు దూరమవుతూ, దగ్గరవుతూ, చివరికి నా గుండె చప్పుడు లోపలికి వచ్చి కూర్చుంది. ఒక నాటు పడవ వరిగడ్డి వేసుకుని వెళ్ళింది. అది ఎటు నుంచి వచ్చిందో చూశాను గాని వెళ్ళడం చూడలేదు. కునుకు పట్టిందేమో. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి గడ్డి పరకలు మాత్రం నీళ్ళ మీద ఉన్నాయి.

మంచం మీద మేనత్తగారు నిద్రపోయారు. పడుకున్నారనడం సరిపోదు. నోరు కాస్త తెరుచుకుని, ఒక చెయ్యి మంచం పట్టె మీద నుంచి జారి, గాజులు నేలవైపు దిగి, చంటిపిల్ల పడుకున్నట్టు పడుకున్నారు. చాప మీద విశాఖ ఆవిడ కూడా, ఫోను పక్కన బోర్లా పెట్టి, మోచేతి మీద తల ఆనించి నిద్రపోయారు. గాలి వీచినప్పుడల్లా పూలచెట్టు నుంచి ఒక్కో పువ్వు రాలి ఆమె మీద పడుతోంది. ఎండ జరిగింది. నీడ జరిగింది. ఆ ఇల్లాలి భర్త వచ్చి, చప్పుడు చెయ్యకుండా మంచాన్ని నీడలోకి జరుపుదామా అని నాకు సైగచేశాడు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఎత్తాం. మేనత్తగారికి మెలకువ రాలేదు.

ఆ ఇల్లాలు మాత్రం ఒక్క క్షణం కళ్ళు మూయలేదు. వెనక గుమ్మంలో కూర్చుని నీళ్ళు చూస్తోంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అత్తగారు మందలించారు. ఆకలి లేదంది. ఒకసారి ఫోను మోగింది. గబుక్కున లేచి, వాళ్ళకి మెలకువ వస్తుందేమోనని పశువుల కొట్టం వెనక్కి వెళ్ళి మాట్లాడింది.

"ఆయ్, చెప్పండి. సాయంత్రం చెప్తానన్నాను కదండి. ఇంకా సాయంత్రం కాలేదండి." కాసేపు విని, "తెలుసండి. ఎక్కువసేపు ఆపరని నాకూ తెలుసండి," అంది.

తిరిగొస్తూ నా దగ్గర ఆగింది.

"వెళ్తానని చెప్పేద్దామనుకుంటున్నానండి బాబాయ్ గారు. ఆవిడ లేచి వెళ్ళిపోయాక ఇంక చెప్పడానికి ఏముంటుంది?"

"లేవనీ, చూద్దాం," అన్నాను.

పొద్దు వాలింది. కొబ్బరిచెట్ల నీడలు కాలవ దాటి అవతలి గట్టు ఎక్కాయి. కొంగలు గుంపుగా చేలల్లోంచి లేచాయి. అప్పుడు మేనత్తగారు కళ్ళు తెరిచారు. చాలాసేపు కదలకుండా చెట్ల మొవ్వులు చూస్తూ ఉండిపోయారు.

"ఏమే," అని మేనకోడల్ని పిలిచారు. "నేను నిద్రపోయానా?"

"చాలాసేపు పోయావత్తా."

"మాత్ర వేసుకోలేదే!" అని లేచి కూర్చున్నారు. తల తడుముకున్నారు, చేతులు చూసుకున్నారు. ఎవరో తనని మార్చేసి పెట్టారేమోనన్నట్టు. "ఆయన పోయినప్పట్నుంచి ఇలాటి నిద్ర లేదే నాకు." పమిట సర్దుకుని, "ఏంటా వాసన? ఆకలేస్తోంది," అన్నారు.

ఆ ఇల్లాలు గుమ్మంలోనే నిలబడి వింది. "అరగంటండి. అన్నం పొంగిస్తాను. కూర కూడా మళ్ళీ..."

"మధ్యాహ్నం వండినవి ఏం చేశావు?"

"మూతపెట్టి ఉంచేనండి. అవి మీకు పెట్టను. పొద్దుటి వంట పొద్దుగూకాక అతిథులకి పెడితే మా ఇంట మర్యాద ఏం కావాలండి?"

"పులుసుందా?"

"ఉందండి."

"చేపల పులుసు పొయ్యి దించగానే తినేది కాదమ్మా. ఇన్ని గంటలు ఊరనిచ్చి ఇప్పుడు పెట్టనంటావా? పెట్టు," అన్నారు మేనత్తగారు, మంచం దిగి, ఎవరూ పిలవకుండానే వసారాలోకి నడుస్తూ.

అన్నం మాత్రం వేడిగా వండింది. ఇంట్లో దీపాలు వేశారు. వసారాలో అరటాకుల ముందు కూర్చున్నాం. పులుసు చిక్కబడి, చింతపండు పులుపు చేపముక్కల్లోకి దిగి, ఎర్రగా నూనె తేలి ఉంది. పనసపొట్టులో ఆవ ఘాటు ముదిరింది. మేనత్తగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఎవరితోనూ మాట్లాడకుండా, ఏదీ వద్దనకుండా తిన్నారు. మారు అన్నం ఆవిడే అడిగారు. ఆ ఇల్లాలు అన్నం గిన్నె తెచ్చి ఆవిడ ఆకు పక్కనే పెట్టుకుని వడ్డించింది.

విశాఖ ఆవిడ సగం తిన్నాక తల ఎత్తారు. "నేను మా వాళ్ళని రోజంతా తిప్పి, అలిసిపోయాక ఎక్కడో కూర్చోబెట్టి తినిపిస్తాను," అన్నారు నెమ్మదిగా. "ఇక్కడికి వచ్చేవాళ్ళని తిప్పను. పొద్దున మంచులో ఆ కాలవ చూపించి తీసుకొస్తాను. మధ్యాహ్నం అంతా పడుకుంటారు. పొద్దువాలాక తింటారు. గదులు రెండూ మాకే ఇస్తారా?"

"నిద్రపోడానికి ఎవరైనా విశాఖపట్నం నుంచి వస్తారాండి?" అంది ఆ ఇల్లాలు, నమ్మలేక.

"నేను వచ్చాను కదే," అన్నారు మేనత్తగారు నోటినిండా అన్నంతో.

"ఒక్క షరతు," అన్నారు విశాఖ ఆవిడ. డ్రైవరు వైపు తిరిగారు. "దారిలో ఎక్కడా ఆపకూడదు. ఎవరూ ఏమీ పెట్టకూడదు."

అతను నిజంగానే దిగులుపడ్డాడు. "మావయ్యకి చెప్పగలనండి. అక్కకి చెప్పడం నావల్ల కాదండి."

"నేను చెప్తాను మీ అక్కకి," అన్నారు తలుపు దగ్గర నుంచి అత్తగారు, నవ్వాపుకుంటూ. "నా కూతురే గదా."

ఆ ఇల్లాలు గరిటె గిన్నెలో పెట్టి, ఫోను తీసుకుని కాలవ మెట్టు దగ్గరికి వెళ్ళింది. అక్కడ మాట్లాడినదంతా వసారాలోకి వినిపించింది. "నేనేనండి. నమస్కారమండి. రావట్లేదండి ఈసారి." అవతల ఏదో అన్నాడు. "వాళ్ళు మంచోళ్ళే, నేను కాదన్లేదండి." మళ్ళీ ఏదో అన్నాడు. "మళ్ళీ అవకాశం రాదని తెలుసండి. ఆయ్. మీరు చెప్పింది నిజమేనండి." ఆమె గొంతు తగ్గుతున్నకొద్దీ డ్రైవరు అన్నం కలపడం మానేశాడు. "అందుకనేనండి మర్యాదగా ముందే చెప్తున్నాను. నేను రాను. ఆ టిక్కెట్టు ఇంకొకరికి ఇప్పించండి. ఉంటానండి."

వచ్చి గిన్నె ఎత్తబోయింది. మేనత్తగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"నువ్వు తిన్నావా?"

"తర్వాత తింటానండి."

"ఇంకెప్పుడు? కూర్చో."

"అయ్యో, మీరు తింటుండగా నేను..."

"నే తినడం అయింది," అని ఆవిడ చెయ్యి కడుక్కుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, ఒక ఆకు తనే తీసి పరిచారు. ఆ ఇల్లాలు మొగుడి మొహం చూసింది, అత్తగారి మొహం చూసింది. కూర్చుంది. మేనత్తగారు అన్నం వడ్డించి, గుంట చేసి, పులుసు పోశారు. చేపముక్కల్లో పెద్దది వెతికి వేశారు.

ఆమె పొద్దున్నుంచీ అదే మొదటి ముద్ద తినడం. నమిలి, మింగి, కనుబొమలు ముడిచింది.

"ఉప్పు కాస్త తగ్గిందండి," అంది.

ఎవరమూ ఒప్పుకోలేదు.